టెన్షన్‌లో ఉన్నప్పుడు ఏది పట్టుకోవాలి: ఊరట వేరు, ధైర్యం వేరు

నేను విజయవాడలో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తాను. మా లోకంలో సెప్టెంబరు 30 అంటే ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులకు ఆఖరి రోజు. కొన్నేళ్ల కిందట ఆ తేదీకి నాలుగు రోజుల ముందు, రాత్రి పదకొండింటికి, గుండె దడదడలాడి, వేళ్లు తిమ్మిరెక్కి, ఇక నా పని అయిపోయిందనుకున్నాను. మా ఆవిడ ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఈసీజీ బాగుంది, రక్త పరీక్ష బాగుంది. డాక్టరు గారు నవ్వి, "టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఎలా తగ్గించుకోవాలో చీటీ మీద రాయలేదు.

(ఇక్కడే ఒక మాట. ఛాతీలో నొప్పి, చెమటలు, చేయి లాగడం ఉంటే "ఇది టెన్షనే" అని మీకు మీరే తీర్పు ఇచ్చుకోకండి. నాది టెన్షనేనని తేలింది ఈసీజీ తీశాకే.)

ఆ తర్వాత ఒక్కొక్కటే పట్టుకుని చూశాను. శ్వాస, నడక, యోగనిద్ర, పారాయణం, పది రోజుల మౌనం, కౌన్సెలింగ్, మధ్యలో రెండు మూడు పనికిమాలిన దారులు కూడా. అన్నిటికీ మెచ్చుకునేవాళ్లు ఉన్నారు, అన్నిటినీ తిట్టేవాళ్లూ ఉన్నారు. నాకు అర్థమైందేమిటంటే చాలావరకు పనిచేస్తాయి, కాకపోతే ఒకదాని పని ఇంకోటి చేయదు. అందుకే ఏది గొప్పదని కాకుండా, ఏది ఎప్పుడు అనేదే చెబుతాను.

ముందు మీ లోటు ఏమిటో చూసుకోండి

"మనసు బాగోలేదు" అంటాం. ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు లోట్లు ఉంటాయి. ఒకటి ఒంట్లో అలజడి. నిద్ర పట్టదు, కడుపులో తిప్పుతుంది, భుజాలు బిగుసుకుపోతాయి, చిన్న మాటకే కసురుకుంటాం. దీనికి కావలసింది ఊరట. రెండోది అలజడి కాదు, నీరసం. ఒళ్లు బాగానే ఉంటుంది గానీ "ఇది నా వల్ల కాదు" అని లోపల ఎవరో కూర్చుని చెబుతుంటారు. ఫైలు తెరిచి మూసేస్తాం. ఫోన్ మోగితే తీయబుద్ధి కాదు. దీనికి కావలసింది ధైర్యం.

మనం చేసే తప్పంతా ఈ రెండింటినీ తారుమారు చేయడమే. మా బంధువుల అమ్మాయి ఇంటర్‌లో ఒక సబ్జెక్టు తప్పింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "రోజూ పొద్దున్నే ధ్యానం చెయ్యమ్మా" అని చెప్పి టిఫిన్ తినేసి వెళ్లారు. ఆ పిల్లకు కావలసింది ధ్యానం కాదు. "సప్లిమెంటరీ ఉంది, నేనూ అలాగే గట్టెక్కాను" అని చెప్పే ఒక్క మనిషి. ఇటు నా సంగతి చూస్తే, మూడు రాత్రులు నిద్ర లేక కళ్లు మండుతున్నవాడికి స్నేహితులు విజయగాథల వీడియోలు పంపారు. నాకు అప్పుడు విజయం అక్కర్లేదు, దుప్పటి చాలు.

మూడోది కూడా ఒకటుంది. ఊరటా ధైర్యమూ రెండూ కాక, పని తగ్గడమే కావలసిన సందర్భం. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడి నెత్తిన పడితే ప్రాణాయామంతో అది సగం కాదు. తలగడ మారిస్తే తలనొప్పి పోదు. దీనికి నేను వాడే పరీక్ష ఒకటి: "ఎవరైనా వచ్చి ఈ పనంతా చేసిపెడతానంటే ఈ రాత్రి నాకు నిద్ర పడుతుందా?" పడుతుందంటే మీకు కావలసింది మనిషి సాయమో, రెండు రోజుల సెలవో, గడువు పెంచమని అడిగే నోరో. పట్టదంటే కింద చదవండి.

రెండు నిమిషాలే ఉన్నప్పుడు

మీటింగ్ మధ్యలో, ఇంటర్వ్యూ గది బయట, ఇంట్లో మాటామాటా పెరిగినప్పుడు మన చేతిలో ఉండేది రెండు నిమిషాలే. ఇక్కడ పోటీలో ఉన్నవి మూడు: శ్వాస, చన్నీళ్లు, మెట్లు.

శ్వాస గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది తలకిందులుగా నేర్పుతారు. కంగారు పడ్డవాణ్ని చూడగానే "గట్టిగా ఊపిరి పీల్చు" అంటాం. ఆ రాత్రి ఆటోలో నాకూ అదే చెప్పారు. నేను పీల్చాను, పీల్చేకొద్దీ వేళ్ల తిమ్మిరి పెరిగింది. కారణం తర్వాత తెలిసింది. గబగబా, లోతుగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోతుంది. తల తేలిపోవడం, వేళ్లూ పెదాలూ తిమ్మిరెక్కడం దానివల్లే. దాన్ని చూసి ఇంకా భయపడి ఇంకా పీలుస్తాం. కాబట్టి పట్టుకోవలసింది పీల్చడాన్ని కాదు, వదలడాన్ని. పీల్చేటప్పుడు మామూలుగా నాలుగు అంకెలు, వదిలేటప్పుడు నిదానంగా ఆరు అంకెలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది. మెదడు నుంచి గుండెకూ పొట్టకూ వెళ్లే వేగస్ నరం చేసే పని అది. వదలడం పొడిగిస్తే ఆ తగ్గుదలకు ఎక్కువ సమయం ఇచ్చినట్టు. నాలుగు, ఆరు లెక్కన నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. ఊపిరి బిగబట్టే పద్ధతుల జోలికి గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా పోవద్దు. వదలడం పొడిగించడానికి ఆ బిగబట్టడం అవసరం కూడా లేదు.

చన్నీళ్లు మొహం మీద, ముఖ్యంగా కళ్ల చుట్టూ, నుదుటి మీద కొట్టుకుంటే గుండె వేగం తగ్గుతుంది. నీళ్లలో మునిగినప్పుడు ఒళ్లు తనంతట తానే చేసుకునే సర్దుబాటు అది. ఏడుపు ఆగనప్పుడు నాకు శ్వాస కంటే ఇదే బాగా పనిచేసింది. ఏడుస్తూ అంకెలు లెక్కపెట్టడం ఎవరి తరం? (గుండె లయ సమస్య ఉన్నవాళ్లు మాత్రం మంచు నీళ్ల ప్రయోగాలు చేయకండి.)

మెట్లు కోపానికి. అడ్రినలిన్ ఒంటిని పరుగుకో పోట్లాటకో సిద్ధం చేసి పెడుతుంది. అలాంటప్పుడు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకోవడమంటే నాకైతే పొంగే పాల మీద మూత పెట్టడమే. రెండంతస్తులు ఎక్కి దిగి, అప్పుడు శ్వాస మొదలుపెట్టండి.

నలుగురిలో ఉంటే శ్వాస, ఎందుకంటే ఎవరికీ కనిపించదు. బాత్రూమ్‌కు వెళ్లే వీలుంటే చన్నీళ్లు. ఎవరినైనా కొట్టాలనిపిస్తే మెట్లు.

ఒక్క షరతు. శ్వాసను మంచి రోజుల్లోనే, పక్క మీద పడుకునే ముందు అలవాటు చేసుకోవాలి. కంగారు వచ్చాక నేర్చుకుందాంలే అంటే ఇల్లు అంటుకున్నాక బావి తవ్వినట్టే.

అరగంట దొరికితే: నడకా, యోగనిద్రా, పారాయణమా

అరగంట అంటే మనకు చేతిలో ఉన్న భాగ్యం. చాలామంది దీన్ని ఫోన్‌కు ఇచ్చేస్తారు.

ఏది ఎంచుకోవాలో తెలియకపోతే నడక ఎంచుకోండి. గురువు అక్కర్లేదు, నమ్మకం అక్కర్లేదు, చెప్పులుంటే చాలు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులకు సరిగ్గా అంతే. నడకలో ఇంకో లాభం ఉంది. పక్కపక్కన నడిచేటప్పుడు మాట సులువుగా వస్తుంది. ఎదురెదురుగా కూర్చుంటే నోరు విప్పని మా అబ్బాయి, కృష్ణా నది ఒడ్డున నడుస్తూ తన హాస్టల్ కష్టాలన్నీ చెప్పాడు. అయితే మే నెలలో మన ఎండలకు ఇది పొద్దున ఆరున్నర లోపు పనే. అది కుదరనివాళ్లకు ఇంట్లో మరో దారి కావాలి.

యోగనిద్ర ఆ దారి. పేరు చూసి భయపడకండి, ఇందులో ఆసనాలు ఉండవు. వెల్లకిలా పడుకుని, రికార్డింగులో గొంతు చెప్పినట్టు కుడి బొటనవేలు, చూపుడు వేలు అంటూ ఒళ్లంతా ఒక్కో భాగం మీదికి ధ్యాస తిప్పడమే. ఇప్పుడు మనం వినే ఈ పద్ధతిని ఇలా కూర్చి ప్రచారం చేసింది బీహార్‌లో ముంగేరు యోగ విద్యాలయాన్ని స్థాపించిన స్వామి సత్యానంద సరస్వతి. తెలుగులో రికార్డింగులు బోలెడు దొరుకుతాయి. ఎంచుకునేటప్పుడు గొంతు చూసుకోండి, వెనకాల మోగే వేణువును కాదు. మీకు చిరాకు పుట్టించని గొంతయితే చాలు. ధ్యానంలో కూర్చుంటే ఆలోచనలు కుప్పలుగా వచ్చిపడేవాళ్లకు యోగనిద్ర మేలు, ఎందుకంటే ఇక్కడ మనసుకు చేయడానికి పని ఉంటుంది. మధ్యలో నిద్ర పట్టేస్తే? పట్టనివ్వండి. మూడు రాత్రులు మేలుకున్నవాడికి అదే ఫలితం. యోగా మాస్టర్లు ఒప్పుకోరు గానీ నా లెక్క ఇదే.

బాధలు తలచుకోగానే ఊపిరాడనట్టయ్యేవాళ్లు, పాత దెబ్బ ఏదైనా లోపల మానకుండా ఉన్నవాళ్లు కళ్లు మూసుకునే పద్ధతుల్లో ఇబ్బంది పడొచ్చు. వాళ్లు కళ్లు తెరిచి చేసే పనులు పట్టుకోవడం మంచిది. నడక, చిక్కుడుకాయలు వలవడం, మొక్కలకు నీళ్లు, ముగ్గు. నవ్వొద్దు. చుక్కలు లెక్కపెట్టి గీత కలిపేటప్పుడు మా అమ్మ మొహం చూడాలి, ప్రపంచం మునిగినా పట్టదు.

ఇక ప్రార్థన. నమ్మకం ఉన్నవాళ్లకు ఇది కొండంత అండ. నమ్మకం లేనివాళ్లను బలవంతపెట్టడం వల్ల ఇంకో టెన్షన్ పుడుతుంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ పరిశోధకుల వ్యాసం ఒకటి వచ్చింది. లాటిన్‌లో జపమాల ప్రార్థన చేసినప్పుడూ, మంత్రం జపించినప్పుడూ శ్వాస దానంతట అదే నిమిషానికి ఇంచుమించు ఆరుకు దిగిందని అందులో చూపించారు. పైన చెప్పిన నాలుగు, ఆరు లెక్కే. మా నాయనమ్మ లెక్కలు తెలియకుండానే రోజూ పొద్దున్నే ఆ పని చేసేది. లలితా సహస్రనామం చదివేటప్పుడు పొడవాటి పాదాన్ని ఒకే ఊపిరిలో లాగాలి కదా, వదలడం పొడవవుతుంది.

ప్రార్థనలోనూ ఊరటా ధైర్యమూ వేరు వేరు చోట్ల దొరుకుతాయని నా పరిశీలన. సందడి లేని వేళ గుడి మండపంలో కూర్చోవడం, మసీదులో వరసలో నిలబడి తల వంచడం ఒంటికి ఊరట. రోజుకు అయిదుసార్లు పని ఆపి లేచే నమాజులో అయితే ఆ ఆపడమే సగం మందు. కానీ చర్చిలో ఉపవాస ప్రార్థన రోజు పదిమంది నిలబడి మీ పేరు చెప్పి ప్రార్థించినప్పుడో, భజన మండలిలో వాళ్లు "ఈ వారం రాలేదేం?" అని ఇంటికొచ్చి అడిగినప్పుడో దొరికేది ధైర్యం. నేను హిందువుని. మా కొలీగ్ వాళ్ల చర్చిలో నా పేరు కూడా చదివారని తెలిసిన రోజు నా కళ్లు చెమర్చాయి. ఒంటరితనం మీ బాధయితే ఒంటరి ధ్యానం కంటే గుంపు ప్రార్థన ఎంచుకోండి.

ఇంకో సంగతి, ప్రశాంతత కోసమని సెలవు రోజు తిరుమల బయల్దేరకండి. దర్శనం వేరు, ప్రశాంతత వేరు. కంపార్టుమెంటులో గంటల తరబడి కూర్చుని, పిల్లాడికి పాలు ఎక్కడ దొరుకుతాయా అని వెతుక్కునేవాడికి మొక్కు తీరుతుంది గానీ అలసట తీరదు. మీ వీధి చివర గుడి, పొద్దున అయిదున్నర.

పది రోజులు తీసి పెట్టగలిగితే

ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే: "విపశ్యనకు వెళ్లమంటావా, కన్హాకు వెళ్లమంటావా?"

విపశ్యన అంటే సత్యనారాయణ గోయెంకా గారి పరంపరలో నడిచే పది రోజుల శిబిరం. బర్మాలోని మాండలేలో పుట్టి, సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకుని, 1969లో భారత్‌కు వచ్చి నేర్పడం మొదలుపెట్టారాయన. 2013లో కన్నుమూశారు. మనవాళ్లకు దగ్గరలో హైదరాబాద్ వనస్థలిపురం వైపు ఒక కేంద్రం, నాగార్జునసాగర్‌లో మరొకటి ఉన్నాయి. పొద్దున నాలుగింటికి గంట మోగుతుంది, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలార్పుతారు. రోజుకు పది గంటల దాకా ధ్యానం. ఫోన్ ఇచ్చేయాలి, చదవకూడదు, రాయకూడదు, పదో రోజు దాకా పక్కవాళ్లతో మాట్లాడకూడదు. రాత్రి భోజనం లేదు, కొత్తవాళ్లకు సాయంత్రం టీ, పండు. ఫీజు లేదు. శిబిరం పూర్తి చేసినవాళ్లు తమకు తోచింది విరాళంగా ఇస్తే దాంతోనే తర్వాతివాళ్లకు నడుపుతారు.

నేను వెళ్లాను. మూడో రోజు మోకాళ్ల నొప్పికి పారిపోదామనుకున్నాను. ఏడో రోజు, పదేళ్ల కిందటి ఒక గొడవ గుర్తొచ్చి గంటసేపు ఏడ్చాను. తిరిగొచ్చాక కొన్ని నెలలు నిజంగానే తేడా ఉంది. క్లయింటు కేకలు వేసినా కోపం ఆలస్యంగా వచ్చేది. అయినా ఇప్పుడు మంటల్లో ఉన్నవాళ్లను నేను అక్కడికి పంపను. అది విశ్రాంతి కాదు, కష్టపడి చేసే పని. గట్టి డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు, మానసిక జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు దరఖాస్తులో ఆ సంగతి దాచకూడదు. ముందు తమ డాక్టరుతో మాట్లాడాలి. పది రోజుల మౌనంలో మనసు చెప్పేది వినడానికి కాస్త బలం ఉండాలి మరి.

కన్హా శాంతి వనం హైదరాబాద్ శివార్లలో, రంగారెడ్డి జిల్లాలో ఉంది. హార్ట్‌ఫుల్‌నెస్ అనే ధ్యాన సంస్థ వాళ్ల ప్రధాన కేంద్రం. పెద్ద ధ్యాన మందిరం 2020 జనవరిలో ప్రారంభమైంది. ఇక్కడ పద్ధతి మెత్తనిది. కూర్చుని గుండెలో వెలుగు ఉందనే భావన మీద నిలవడం, సాయంత్రం ఆ రోజు చెత్తంతా వెనక నుంచి పొగలా వెళ్లిపోతున్నట్టు భావించడం. నేర్పినందుకు డబ్బు తీసుకోరు. మాట్లాడొచ్చు, చెట్ల మధ్య తిరగొచ్చు, కుటుంబంతో వెళ్లొచ్చు. రెండు రోజులే ఉండి, పిల్లల్ని వదల్లేనివాళ్లకు ఇది నయం. క్రమశిక్షణ లేకపోతే ఏదీ అంటుకోని నాలాంటివాడికి విపశ్యన నయం.

ఇంటి పక్క యోగా క్లాసును ఈ రెండింటి ముందు చిన్నచూపు చూస్తాం. నిజానికి వారానికి మూడు రోజుల చొప్పున ఏడాది వెళ్లింది, ఏడాదికోసారి చేసిన పది రోజుల కంటే ఎక్కువ నిలుస్తుంది. పైగా అక్కడ నలుగురు తెలిసినవాళ్లు అవుతారు.

ఊరటలా కనిపించేవి

రీల్స్ గురించి ఎక్కువ చెప్పను. గంట చూసి పక్కన పెట్టాక భుజాలు ఎలా ఉన్నాయో ఒకసారి చూసుకోండి.

మద్యం నిద్రపుచ్చుతుంది, నిజమే. కానీ రాత్రి రెండో సగంలో నిద్రను చెడగొడుతుంది. మూడింటికి మెలకువ వచ్చి, తెల్లవారేదాకా ఈఎంఐలు లెక్కపెట్టుకోవడం దాని వరమే.

అన్నిటికంటే భయపడాల్సింది నిద్ర మాత్ర గురించి. అల్ప్రాజోలం లాంటివి డాక్టరు కొద్ది రోజులకు రాస్తే ఉపయోగమే. ఒకరి చీటీ చూపించి ఇంకొకరు తెచ్చుకోవడం, నెలల తరబడి మింగడం మొదలైతే అవి అలవాటుగా మారతాయి. ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు కూడా రావొచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేవాటిలో ఇదీ ఒకటి. ఆ కల్లు దొరకని రోజు మనుషులు వింతగా ప్రవర్తించి ఆసుపత్రుల పాలవడం పేపర్లలో చూస్తూనే ఉన్నాం. మీరు ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపకండి, డాక్టరు మెల్లగా తగ్గిస్తారు.

కాఫీ, టీ సంగతి ఒక్క వాక్యం: తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం ఆరింటి స్ట్రాంగ్ టీ రాత్రి పదకొండింటికి కూడా సగం టీయే.

ధైర్యం ఎక్కడ దొరుకుతుంది

ఇప్పటిదాకా చెప్పినవన్నీ దాదాపు ఊరట కోసమే. ధైర్యం ఒంటరిగా తయారవడం కష్టం.

మోటివేషన్ వీడియోలు చూడొద్దని అనను. కడుపు నిండి, నిద్ర పట్టి, బద్ధకంగా ఉన్నవాణ్ని లేపడానికి అవి పనికొస్తాయి. కుంగిపోయి ఉన్నవాడికి మాత్రం "వాడు సాధించాడు, నువ్వెందుకు సాధించలేదు" అనే వినిపిస్తుంది.

మనుషుల మాటల్లో కూడా తేడాలున్నాయి. "ఏం కాదులే" అనేది మనం ఎక్కువగా వాడే ఓదార్పు. ప్రేమతోనే అంటాం, కానీ దాంతో సంభాషణ అయిపోతుంది. అవతలివాడు ఇంకేమీ చెప్పలేడు. "అందరికీ ఉన్నవేగా" అన్నది అంతకంటే అన్యాయం. పనిచేసే మాటలో మీ గురించిన వివరం ఉంటుంది. ఆ సెప్టెంబరులో మా ఆఫీసు అటెండరు, ఎనిమిదో తరగతి దాకానే చదివిన మనిషి, నాతో అన్నాడు: "సార్, జీఎస్టీ కొత్తగా వచ్చిన ఏడాది మీరు ఈ కుర్చీలోనే ఉన్నారు. అప్పుడూ ఇదే మాట అన్నారు, అయిపోయింది కదా." 2017 జులై అది. నేను మర్చిపోయాను, ఆయన మర్చిపోలేదు. నా పాత గెలుపు నాకంటే బాగా గుర్తున్న మనిషి ఒకడున్నాడని తెలియడమే ధైర్యం.

అలాంటి మనిషి దగ్గర లేని రోజు కోసం ఒక చిన్న పని చెబుతాను. చేయాల్సిన పనుల జాబితా అందరూ రాస్తారు. చేసేసిన పనుల జాబితా రాయండి. రాత్రి మూడు వరుసలు చాలు: కరెంటు బిల్లు కట్టాను, ఫలానా వాళ్లతో ఇబ్బందికరమైన ఫోన్ మాట్లాడేశాను, పాపకు జడ వేశాను. పాత డైరీ తిరగేసినప్పుడు ఆ అటెండరు మాట లాంటిదే వినిపిస్తుంది.

అదే దారిలో ముందు నడిచినవాళ్లు ఇంకో రకం అండ. ఉద్యోగం పోయినవాడికి, ఉద్యోగం పోయి మళ్లీ తెచ్చుకున్నవాడు ఇచ్చే గంట ఎంతో విలువైనది. విడాకులు, పిల్లలు కలగకపోవడం, క్యాన్సర్, అప్పులు, ఏదైనా అంతే. మీ కుటుంబంలో వెతకండి, ప్రతి ఇంట్లోనూ ఎవరూ మాట్లాడని అలాంటి కథ ఒకటుంటుంది.

ఎవరికి ఫోన్ చేయాలి

ముందు మనవాళ్లు. అమ్మకు చెప్పాలా వద్దా అనేది మన ఇళ్లలో పెద్ద ప్రశ్న. అమ్మ వింటుంది, కానీ మీరు పడుకున్నాక ఆవిడ మేలుకుంటుంది. డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురు దీనికో ఏర్పాటు చేసుకుంది. కష్టం ముందు అన్నయ్యకు, కుదుటపడ్డాక అమ్మకు. వేసవిలో అక్కడ రాత్రి తొమ్మిదైతే ఇక్కడ పొద్దున ఏడున్నర. వాడు కాఫీ తాగుతూ వింటాడు, తను పడుకునే ముందు చెప్పుకుంటుంది. చెప్పుకునే ముందు ఒక మాట అనడం కూడా తనే నేర్పింది: "అన్నయ్యా, సలహా వద్దు, పది నిమిషాలు విను చాలు." మనవాళ్లకు వినడం రాక కాదు, అడగకపోతే సలహా ఇవ్వడమే సాయమనుకుంటారు.

తెలిసినవాళ్లకు చెప్పలేని విషయమైతే టెలీ మానస్. నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, భాష ఎంచుకోమన్నప్పుడు తెలుగు ఉంటుంది. తీసేది శిక్షణ పొందిన కౌన్సెలరు, అవసరమైతే పై నిపుణులకు కలుపుతారు. దీని బలం అర్ధరాత్రి కూడా దొరకడం. పరిమితి కూడా ఉంది. నెలల తరబడి ఒకే మనిషితో మీ కథ కొనసాగించే చోటు కాదు అది. అమెరికాలో ఉన్నవాళ్లకు 2022 జులై నుంచి 988 అనే నంబరు ఉంది.

కథ కొనసాగాలంటే కౌన్సెలరో సైకాలజిస్టో కావాలి. సెషన్ ముప్పావుగంట నుంచి గంట. ఫీజు ఊరిని బట్టి, అనుభవాన్ని బట్టి మారుతుంది కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి, మొహమాటపడొద్దు. బోర్డు మీద పేరు చూసి మోసపోకండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, ఆ నంబరు అడిగే హక్కు మీకుంది. నేను మొదట వెళ్లిన చోట అరగంట ఆయన అమెరికా ప్రయాణం కబుర్లే విన్నాను. రెండో చోట కుదిరింది. చెప్పులు కొన్నట్టే, మొదటి జత కరిచిందని నడక మానేయకూడదు.

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, వీళ్లందరిలో మందులు రాయగలిగేది ఆయనే. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండటం, ఇష్టమైనవేవీ ఇష్టం లేకపోవడం, నిద్రా ఆకలీ మారిపోవడం కనిపిస్తే నేరుగా అక్కడికే. అందుకు "పిచ్చి" అక్కర్లేదు. ఎర్రగడ్డ పేరు చెబితే జోకులేసే అలవాటు మన సినిమాలు మనకు అంటించాయి. ఆ ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ వరసలో నిలబడేవాళ్లలో నిద్ర పట్టని గుమాస్తాలు, పరీక్షల పిల్లలు కూడా ఉంటారు. విశాఖవాళ్లకు చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. జిల్లా ఆసుపత్రిలో మానసిక విభాగం ఏ రోజు ఉంటుందో కనుక్కోండి. డిప్రెషన్ మందుల ప్రభావం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మూడో రోజుకే "పనిచేయలేదు" అని మానేయడం మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక జబ్బులకూ మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలి. ఆసుపత్రిలో చేరితే ఆ మాట గుర్తుంచుకోండి.

చావాలనే ఆలోచన వస్తుంటే పైన చెప్పిన పోలికలేవీ మీకు వర్తించవు. వెంటనే 14416కు, ఒంటికి ప్రమాదం జరిగి ఉంటే 108కి చేయండి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి. మీకు తెలిసినవాళ్ల మీద అనుమానంగా ఉంటే నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

నా ఫోన్‌లో పైన పిన్ చేసినవి మూడే నంబర్లు. మా ఆవిడ, ఆ అటెండరు, 14416. అటెండరు రిటైరయ్యి రెండేళ్లయింది. ఇప్పటికీ ప్రతి సెప్టెంబరు ఆఖరి వారం ఆయనే ముందు ఫోన్ చేసి, "సార్, అన్నం తిన్నారా?" అని అడుగుతాడు.